పడవెక్కిన పులిహోర

"ట్రే ఇంకొంచెం పైకెత్తరా పోలయ్యా. కెమెరాకి నీ బొటనవేలు అడ్డొస్తోంది, అది తియ్యి ముందు."

భీమరాజు లిస్బన్ ఊళ్ళో ఓ మూడో అంతస్తు ఇంట్లో సోఫా మీద చేరబడి, పిండికట్టు వేసిన కుడికాలు రెండు తలగడల మీద పెట్టుకుని, అల్లవరం దగ్గర తన మూడో నెంబరు చెరువులో రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసుకుంటున్నాడు. ఇక్కడ పొద్దున్న ఎనిమిది. అక్కడ మిట్టమధ్యాహ్నం. ఫోనులో చెక్ ట్రే లోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. నాలుగు రొయ్యలు ఎగిరిపడ్డాయి. మేత గింజ ఒక్కటి మిగల్లేదు.

"ట్రే ఖాళీ అండి, రాజుగారూ."

"కనిపిస్తోంది. సాయంత్రం మేత కొంచెం పెంచు. రెండో ఏరియేటరు చప్పుడు తేడాగా వస్తోంది, మెకానిక్‌ని పిలిపించు."

"ఆయ్. అలాగేనండి. కాలెలా ఉందండి?"

"కాలికేం, రాజాలాగ తలగడల మీదుంది."

"అమ్మగారండి?"

"ఆవిడకేంరా, బాగానే ఉంది."

"అది కాదండి. మా ఇంటిది అడగమందండి. అమ్మగారు ఆ ఊళ్ళో ఏమేం చూసేరూ అని. వచ్చేక కూర్చోబెట్టి అన్నీ చెప్తానన్నారంటండి, బయల్దేరేముందు."

భీమరాజు ఫోను ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"చాలా చూసిందిలేరా. వచ్చేక చెప్తుంది," అని ఫోను పెట్టేసేడు.

పెట్టేసేడు గానీ మనసు అక్కడే ఆగిపోయింది. ఇంట్లో అందరూ ఏం చూసేరో భీమరాజు కళ్ళు మూసుకుని చెప్పగలడు. కొడుకు తేజ, కోడలు సుస్మిత పొద్దున్న పూట లాప్‌టాపుల ముందు ఆఫీసు పని చూసుకుని, మధ్యాహ్నం భోజనాలు కాగానే బయటపడతారు. కోట చూసేరు, పసుపుపచ్చ ట్రాము ఎక్కేరు, సముద్రం దాకా వెళ్ళొచ్చేరు. వాళ్ళ వెనకే అక్కయ్య భవానీదేవి. అరవై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళు నొప్పంటూనే ఊళ్ళో మెట్లన్నీ ఎక్కి దిగేసింది. రాత్రి భోజనాల దగ్గర ముగ్గురూ పోటీలు పడి చెప్తూంటే, భీమరాజుకి తనే చూసినట్టుంటుంది. మరి వేణి?

"వేణీ!"

కృష్ణవేణి వంటింట్లోంచి కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కాఫీయా అండి?"

"కాఫీ కాదు. ఈ ఊళ్ళో నువ్వేం చూసేవు?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది. "కూరగాయల కొట్టు చూసేనండి. దాని పక్కన మందుల కొట్టు. మీకు కట్టు వేసిన ఆసుపత్రి." ఇంకా ఏదో ఉందన్నట్టు ఆగి, "కిటికీలోంచి రోజూ పడవ చూస్తున్నాను కదండీ," అంది సంబరంగా. పప్పు అడుగంటుతుందని లోపలికి పరిగెత్తింది.

అయిదుగురూ కలిసి వచ్చిన ప్రయాణం ఇది. నాలుగు దేశాలు, పదిహేను రోజులు. మిగతా ఊళ్ళు బస్సు అద్దంలోంచి అందరితోపాటు వేణీ చూసింది. ఆఖరి మజిలీ ఈ లిస్బన్, నాలుగంటే నాలుగు రోజులు. రెండోనాడు చినుకు పడుతూంటే, నున్నటి తెల్లరాళ్ళు పరిచిన కాలిబాట మీద భీమరాజు చెప్పులతో జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. బూట్లు వేసుకోండి నాన్నగారూ అని తేజ మొత్తుకున్నాడు. చెరువు గట్ల మీద నడిచేవాడికి బూట్లేమిటన్నాడు తను. వాపు తగ్గేదాకా విమానం ఎక్కొద్దన్నాడు డాక్టరు. నాలుగు రోజులు కాస్తా రెండు వారాలు దాటేయి. నదికి ఎదురుగా మిట్ట మీద ఈ ఇల్లు అద్దెకి తీసుకున్నారు. లిఫ్టు లేదు. ఆదివారం తిరుగు విమానం. ఇవాళ బుధవారం.

వీధి తలుపు పక్కన గాజు గిన్నెలో అయిదు ప్రయాణం కార్డులుంటాయి. ట్రాముకీ బస్సుకీ పడవకీ అన్నిటికీ అవే చెల్లుతాయిట. ఊతకర్రల మీద బాత్రూముకి వెళ్ళొస్తూ భీమరాజు ఆ గిన్నె దగ్గర ఆగేడు. తేజ కార్డు అంచులు నలిగిపోయేయి. అక్కయ్య కార్డుకి కుంకుమ మరక కూడా ఉంది. తన కార్డు తను జారిపడ్డ రోజు దాకా వాడినదే. వేణిది మాత్రం కొట్టువాడిచ్చిన ప్లాస్టిక్ కవరులో అలాగే ఉంది. భీమరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ గిన్నెలో పెట్టేడు.

ఆ రోజంతా ఆయన ఇంకో పని పెట్టుకోలేదు, పెళ్ళాన్ని చూడ్డం తప్ప. రెండు గంటలకోసారి ట్రే ఎత్తి చూసుకునే కళ్ళు అవి. రొయ్య ఎటు ఈదుతోందో, మీసం ఎలా ఉందో చూసి జబ్బు చెప్పేస్తాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా తెల్లారకుండా చెరువు మీదకి పోయి భోజనం వేళకి వచ్చేవాడు. ఆ మధ్యలో ఇల్లెలా నడుస్తుందో చూసే అవసరం ఎప్పుడూ రాలేదు.

పొద్దున్న ఇడ్లీ. ఇక్కడి రవ్వ సరిగా లేదని ఆవిడ ముందురోజే బియ్యం నానబెట్టి రుబ్బింది. అక్కయ్యకి చక్కెర లేని కాఫీ, కోడలికి టీ, తేజకి పాలు. అవి కాగానే పప్పు, రెండు కూరలు, చారు. ఊరినుంచి రెండు పెట్టెల నిండా బియ్యం, కారాలు, పచ్చళ్ళు, కుక్కరు మోసుకొచ్చింది భీమరాజు పట్టు మీదే. రెండు పూటలా అన్నం లేకపోతే టూరెందుకని విమానాశ్రయంలో అందరికీ వినపడేటట్టు అన్నదీ ఆయనే. పదకొండు దాకా వేణి కూర్చున్నది ఒక్కసారి, అదీ బెండకాయలు తరగడానికి.

మధ్యమధ్య మాత్రం వంటింటి కిటికీ దగ్గర రెండు నిమిషాలు నిలబడేది. చేతిలో గరిటె అలాగే ఉండేది. కింద నది. గోదావరి అంత వెడల్పు, అవతలి ఒడ్డున చిన్న చిన్న ఇళ్ళు. తెల్లటి పడవ ఒకటి రేవు వదిలి బయల్దేరేది.

"ఇరవై నిమిషాలకొకటి వెళ్తుందండి. సాయంత్రం పూట ఇంకా తొందర తొందరగా తిరుగుతాయి," అంది, ఆయన చూస్తున్నాడని గమనించి. గోదారి లంకలో పుట్టిన పిల్ల. బడికి రోజూ పడవ దాటి వెళ్ళిన మనిషి. "అచ్చం మన రేవు పంటులాగే అండి. బళ్ళు ఎక్కవు గానీ."

"ఎక్కుతావా?"

"వెళ్దాంలెండి, మీ కాలు బాగయ్యేక."

"నా కాలు బాగయ్యేక ఎక్కేది విమానమే వేణీ, ఆదివారం."

ఆవిడ పకపకా నవ్వి నూనెలో ఆవాలు వేసింది.

భోజనాల దగ్గర అందరికీ వడ్డించింది. కూర్చోవే అంటే, "తర్వాత తింటాలెండి," అంది. అందరూ లేచేక వంటింట్లోంచి గరిటె గిన్నె అడుగు గీకిన చప్పుడు వినిపించింది భీమరాజుకి. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చప్పుడు వినడం అదే మొదలు. భోజనం కాగానే చెరువు మీదకో, నిద్రకో వెళ్ళిపోయే మనిషికి ఏం వినపడుతుంది?

రాత్రి భీమరాజు సభ తీర్చేడు. "రేపు అందరూ పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్తున్నారు. మీ అమ్మని తీసుకెళ్ళకపోతే ఒక్కొక్కడి సంగతి చెప్తాను."

"అమ్మ రానంటుందండీ నాన్నగారూ, మేం రోజూ అడుగుతున్నాం," అన్నాడు తేజ.

"అడగడం కాదురా. తీసుకెళ్ళడం."

"తప్పకుండా తీసుకెళ్తాం మావయ్యగారూ, ఆఫీసుకి సెలవు పెట్టేస్తాం," అంది సుస్మిత.

"మధ్యాహ్నం దాకా ఉండాలంటే ఏమైనా కట్టుకెళ్దామే వేణీ. ఆ గట్టి రొట్టెలు నా పళ్ళకి లొంగవు," అంది భవానీదేవి. "కాస్త పులిహోర కలిపెయ్యి. నీ చేతి పులిహోర తిని ఎన్నాళ్ళయిందో."

అక్కడే భీమరాజు నోరు మూయించి ఉండాల్సింది. పులిహోర అనగానే తన నోట్లోనూ నీళ్ళూరేయి. ఊరుకున్నాడు. ఆ ఊరుకున్నందుకు మర్నాడంతా తనని తాను తిట్టుకున్నాడు.

గురువారం తెల్లారకుండానే వంటింట్లో దీపం వెలిగింది. ఊరినుంచి తెచ్చిన చింతపండు, ఇంగువ, వేరుశనగలు. పులిహోర ఒక డబ్బా, దద్దోజనం ఒక డబ్బా, వేయించిన అప్పడాలు, నీళ్ళ సీసాలు, అక్కయ్య మాత్రలు. తొమ్మిదింటికి అందరూ తయారయ్యేరు. వేణి కూడా మామిడిపండు రంగు చీర కట్టుకుని, కోడలి బూట్లు తొడుక్కుని, కవరు చించి కార్డు చేతిలో పట్టుకుంది. ఆ మొహం చూసి భీమరాజుకి పెళ్ళిచూపుల రోజు గుర్తొచ్చింది. నలుగురూ మెట్లు దిగుతున్న చప్పుడు. రెండో అంతస్తు. మొదటి అంతస్తు. ఆ తర్వాత ఒక్క జత అడుగులు మాత్రం పైకి వస్తున్న చప్పుడు.

తలుపు తీసుకుని వేణి లోపలికొచ్చింది.

"ఏమైంది?"

"మీ మధ్యాహ్నం మాత్ర అన్నం తిన్నాక వేసుకోవాలి కదండీ. మీకెవరు పెడతారు? పులిహోర తీసి పెడదామంటే డబ్బాలు అడుగున సర్దేసేరు." బూట్లు విప్పుతోంది. "వాళ్ళు వెళ్ళొస్తార్లెండి. నేనింకోరోజు వెళ్తాను."

"ఇంకోరోజు ఎక్కడుందే?" అని అరిచేడు భీమరాజు. గొంతు పెద్దదైపోయిందని ఆయనకే తెలిసింది. "ఎల్లుండి పెట్టెలు సర్దుకోవాలి!"

"అరవకండి, కింద వాళ్ళు ఏమనుకుంటారు?" అంటూ చీర మార్చుకోడానికి వెళ్ళిపోయింది.

తొమ్మిదీ నలభై పడవ రేవు వదిలింది. వేణి కిటికీ దగ్గర నిలబడి చూసింది. సోఫా మీంచి భీమరాజూ చూసేడు. ఆవిడ చేసిన పులిహోర నది దాటుతోంది. ఆవిడ బియ్యం కడుగుతోంది. ఇదెక్కడి న్యాయం అనుకున్నాడు. దేవుణ్ణి అడగాలో తనని తాను అడగాలో తెలీలేదు. సాయంత్రం ముగ్గురూ మొహాలు వెలిగిపోతూ వచ్చేరు. "పులిహోర అదిరిపోయిందమ్మా, పక్క బెంచీ వాళ్ళకి కూడా పెట్టేం!" అన్నాడు తేజ. వేణి మొహం చాటంత అయింది. భీమరాజు కొడుకు మొహం కేసి చూడలేకపోయేడు. చూస్తే తన మొహమే కనిపిస్తోంది.

శుక్రవారం పొద్దున్న వేణి లేచేసరికి భీమరాజు అప్పటికే వంటింట్లో ఉన్నాడు. ఎత్తుపీట లాక్కుని, పిండికట్టు కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని, సరిగ్గా పొయ్యికి అడ్డంగా కూర్చున్నాడు.

"ఏవండీ! అక్కడెందుకు కూర్చున్నారు? కాలు కిందకి వేలాడితే వాపొస్తుంది."

"వేలాడ్డం లేదు, కుర్చీ మీదుంది. ఇవాళ వంట నాది. స్నానం చేసి, ఆ మామిడిపండు రంగు చీర కట్టుకుని, కార్డు తీసుకుని బయల్దేరు. ఎవరూ తోడు రారు. ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. పొద్దు వాలేదాకా ఈ గడప తొక్కేవంటే ఊరుకోను."

"మీరు వంటా?" వేణికి నవ్వాగలేదు. "కుక్కరు మూత ఎటు తిప్పాలో తెలుసాండీ?"

"తెలుసుకుంటాను."

గొడవకి భవానీదేవి లేచొచ్చింది. "ఏమిట్రా తమ్ముడూ ఇది? మగాడు, అందులోనూ ఒంటికాలి మీద, వంట చేస్తే ఆడవాళ్ళం ముగ్గురం ఉండి ఏం చేస్తున్నట్టు? సుస్మితా నేనూ చూసుకుంటాం, నువ్వు లే."

"మీరు కూర్చుని తినండి అక్కయ్యా. ఇన్నాళ్ళూ చేసిన పనే కదా."

ఆవిడకి అది చురుక్కుమనే ఉంటుంది. గదిలోకి వెళ్ళి, తన పర్సులోంచి పది యూరోల నోటు ఒకటి తీసుకొచ్చి మరదలి చేతిలో పెట్టింది. "దారిలో ఏమైనా తిను," అంది గొంతు తగ్గించి.

వేణి గడప దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పడానికి ఒకసారి. మాత్ర గుర్తుచెయ్యడానికి ఒకసారి. మూడోసారి ఎందుకొచ్చిందో ఆవిడే మర్చిపోయింది. "పోవే తల్లీ!" అని భీమరాజు దణ్ణం పెట్టేడు. అప్పుడు వెళ్ళింది. ఈసారి అడుగులు కిందకే వెళ్ళేయి. పైకి రాలేదు.

సుస్మిత కొట్టుకెళ్ళి రొయ్యలు తెచ్చింది. భీమరాజు ఒకటి వెలుతురుకి ఎత్తి చూసి, "కిలోకి నలభై కౌంటు. మంచులో పెట్టి వారం దాటింది," అని తీర్పు చెప్పేడు. టన్నులకి టన్నులు పెంచి అమ్మిన మనిషి. ఒక్క రొయ్య వలిచిన పాపాన పోలేదు. మొదటిది వలవబోతే తలతోపాటు సగం కండ ఊడొచ్చింది. అరగంటకి ముప్ఫై వలిచేడు. వేళ్ళకి ముళ్ళు గుచ్చుకున్నాయి. ఇక లాభం లేదని పోలయ్యకి వీడియో కలిపేడు. గట్టు మీద షెడ్డులో ఇరవై ఏళ్ళుగా తన కూర తనే వండుకుంటున్నాడు పోలయ్య.

"నల్లనరం తీసేరాండి?"

"ఏ నరం?"

"వీపు మీదుంటదండి. అది తియ్యకపోతే ఇసకండి."

మళ్ళీ మొదటికొచ్చింది. ముప్ఫయ్యీ చీల్చి నరాలు తీసేడు. గిన్నె పొయ్యెక్కింది. ఉల్లిపాయ ముక్కలు వేగేయి. అల్లంవెల్లుల్లి పడింది.

"ఇప్పుడు రొయ్యలు వేసెయ్యండి. ఫోను గిన్నె మీదకి పెట్టండి రాజుగారూ, చూస్తాను. ఇంకొంచెం వంచండి. మీ బొటనవేలు అడ్డొస్తోందండి."

భీమరాజు బొటనవేలు తీసేడు.

"నీళ్ళు మాత్రం పొయ్యకండేం. రొయ్యే నీళ్ళు వదుల్తది."

"పోసేసేనురా."

ఇన్నేళ్ళ కొలువులో పోలయ్యకి యజమానిని నాలుగు తిట్టే అవకాశం అదొక్కటే వచ్చింది. మర్యాదస్తుడు గనక వదిలేసుకున్నాడు. "పర్లేదండి. పులుసనుకుందారి," అన్నాడు.

ఒంటిగంటన్నరకి భోజనాలు. వేణి వాటా ముందే తియ్యాలని పెద్ద రొయ్యలు ఏరి ఒక గిన్నెలో వేసి మూత పెట్టేడు భీమరాజు. పొద్దు వాలేదాకా రావద్దని తనే అన్నాడు గానీ, భోజనం వేళకి వచ్చేస్తుందని లోపల గట్టి నమ్మకం. ముగ్గురికీ వడ్డించి, ఎత్తుపీట మీద కూలబడి అన్నం కలపబోయేడు.

"నాన్నగారూ, మంచినీళ్ళండి."

ఊతకర్ర అందుకుని లేచేడు. నీళ్ళిచ్చి కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఆవకాయ ఎక్కడ పెట్టేవురా?"

లేచేడు. కూర్చున్నాడు.

"మావయ్యగారూ, నేను తెచ్చుకుంటానుండండి," అని సుస్మిత లేవబోతే, "ఇవాళ నాది, కూర్చోమ్మా," అని పెరుగు కోసం మళ్ళీ లేచేడు. పెరుగు తెచ్చేసరికి తేజ రెండోసారి కూర వేసుకున్నాడు. అక్కయ్య మూడోసారి. రొయ్య రబ్బరులా సాగుతోందంటూనే గిన్నె ఖాళీ చేసేరు. అందరూ చేతులు కడుక్కున్నాక భీమరాజు కుక్కరు దగ్గరికి లాక్కున్నాడు. అడుగున మాడిన అన్నం చెక్క కట్టింది. కూర గిన్నెలో కాస్త ఎర్ర నూనె. గరిటెతో గీకేడు.

ఆ చప్పుడు. బుధవారం విన్న చప్పుడే.

గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయేడు. రోజూ అయిదుగురికి వండే మనిషి, రోజూ తినేది ఇదా? చల్లారిపోయిన మాడు, నూనె? చెరువులో ఒక్క ట్రే మీద ఒక్క పూట మేత మిగిలితే తెల్లార్లూ నిద్రపోని వాడు తను. ఇంట్లో పక్కనే ఉన్న మనిషి కంచంలో ఏముందో ఇరవై తొమ్మిదేళ్ళు చూడలేదు. కళ్ళు మండేయి. కారం చేతులతో తుడుచుకున్నాడు. ఇంకా మండేయి.

మూత పెట్టిన గిన్నె మాత్రం ముట్టుకోలేదు. మాడు అన్నంలో మజ్జిగ పోసుకుని, ఆవకాయ బద్దతో తినేసేడు.

రెండయింది. మూడయింది. ఫోను చేస్తే బియ్యం డబ్బా మీంచి పాట వినిపించింది. ఛార్జింగుకి పెట్టి వదిలేసి వెళ్ళిపోయింది మహాతల్లి! భీమరాజు కిటికీ దగ్గరికి చేరేడు. పడవ వచ్చింది. జనం దిగేరు. ఇంత దూరానికి అందరూ చీమలే. ఇంకో పడవ. భాష రాదు, తోడు లేదు. అవతల దారి తప్పిపోతే ఎవరినడుగుతుంది? పంపించింది నేనే కదా అనుకుంటూ కిటికీకీ తలుపుకీ మధ్య ఊతకర్రల మీద తిరిగేడు. నాలుగింటికి ఆగలేక తేజని రేవుకి తరిమేడు.

అరగంటకి తేజ రొప్పుతూ వచ్చేడు.

"కనిపించిందా?"

"కనిపించిందండి."

"ఏదిరా మరి?"

"పడవలో ఉందండి. ఒడ్డుకొచ్చింది, దిగింది. గేటు చుట్టూ తిరిగి మళ్ళీ అదే పడవెక్కేసింది. అమ్మా అని పిలిచేను. చెయ్యి ఊపిందండి!" వాడికి నవ్వు ఆగట్లేదు. "లోపల మెడలో విజిల్ వేసుకున్నాయన ఒకాయన, అమ్మని చూసి టోపీ తీసి నమస్కారం పెట్టేడు."

భీమరాజు అరక్షణం బిత్తరపోయి, ఎత్తుపీట అదిరేలా నవ్వేడు. ఆ నవ్వుకి భవానీదేవి మధ్యాహ్నం కునుకులోంచి లేచొచ్చింది.

ఆరున్నరకి తలుపు తెరుచుకుంది. జుట్టంతా గాలికి రేగిపోయి, ముక్కు ఎండకి ఎర్రబడి, వేణి గడపలో నిలబడింది. ఆ మొహంలో ఇరవయ్యేళ్ళు తగ్గిపోయేయి.

"ఎన్నిసార్లు దాటేవే?" అంది భవానీదేవి.

"పన్నెండు సార్లు వదినగారూ. మన పంటు మీదైతే అవతల దిగకుండా అలాగే కూర్చుని వచ్చెయ్యొచ్చు కదా? ఇక్కడ కుదరదుట. దిగి, కార్డు చూపించి, మళ్ళీ ఎక్కాలి. నాకు తెలీక కూర్చున్నాను. ఆ విజిలాయనొచ్చి దింపేడు, నేను ఎక్కేను, దింపేడు, ఎక్కేను. నాలుగోసారికి ఆయనే నా చోటు అట్టేపెట్టేడు, కిటికీ పక్కన. గోదారికి వేసినట్టు నది మధ్యలో డబ్బు వేద్దామంటే రూపాయి లేదు, వాళ్ళ బిళ్ళే వేసేను. పక్కనావిడ అది చూసి తనూ ఒకటి వేసింది!"

"సరే, కథలు తర్వాత. ముందు కూర్చో," అన్నాడు భీమరాజు. పొద్దుటినుంచి కాచుకున్న ఘడియ అది. మూత గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, పెళ్ళికొడుకులా మూత తీసేడు. "పెద్దవన్నీ నీకే ఉంచేను. తిను."

వేణి గిన్నెలోకి చూసింది, ఆయన మొహంలోకి చూసింది. "నేను తినేసొచ్చానండీ," అంది మెల్లిగా.

భీమరాజు మూత బల్ల మీద పెట్టేసేడు.

"ఎక్కడ? ఒక్కదానివే?" అంది భవానీదేవి.

"అవతలి ఒడ్డున బొగ్గుల మీద చేపలు కాలుస్తున్నారు వదినగారూ. మన కవ్వళ్ళలాంటి చేపలే. మీరిచ్చిన నోటు చూపించేను. ఆరు చేపలు పెట్టేరు, పొయ్యి మీంచి తీసి సరాసరి నా పళ్ళెంలోకి. నది కేసి తిరిగి కూర్చున్నాను." వేణి ఆగింది. తర్వాత మాట చెప్పొచ్చో లేదో అన్నట్టు అందరి కేసీ చూసి, చెప్పేసింది. "ముళ్ళు తీసుకుంటూ నెమ్మదిగా తిన్నానండి. వేడివేడిగా. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు."

తేజ నేల చూపులు చూసేడు. సుస్మిత అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. భవానీదేవి కళ్ళజోడు తీసి, మచ్చ లేకపోయినా, పమిటతో తుడిచింది.

వేణి మాత్రం కుక్కరు కేసి చూస్తోంది. అడుగున గీతలు, పక్కన మజ్జిగ గిన్నె, ఆవకాయ టెంక. ఆ గీతలు ఆవిడకి చదవడం వచ్చు. "మీరేం తిన్నారండీ?"

"సుబ్బరంగా తిన్నాను."

"అబద్ధం." గిన్నె ఆయన ముందుకి తోసింది. "కూర్చుని తినండి. నేనెదురుగా ఉంటాను."

భీమరాజు ఒక రొయ్య నోట్లో వేసుకున్నాడు. నమిలేడు. ఇంకా నమిలేడు. వేణి కూడా ఒకటి తీసుకుని నమలడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నములుతూంటే ముందు ఆవిడకి నవ్వొచ్చింది, తర్వాత ఆయనకి, ఆ తర్వాత ఇల్లంతటికీ.

"రేపు నీళ్ళు పొయ్యకండి," అంది వేణి కళ్ళు తుడుచుకుంటూ.

"రేపా?"

"శనివారం దాకా కార్డు ఉందిట కదండీ. రేపు మళ్ళీ వెళ్ళొస్తాను. ఎవరైనా వస్తే రండి. డబ్బాలు మాత్రం మొయ్యను."

"నేనొస్తాను. నాకూ ఆ చేప పెట్టించు," అంది భవానీదేవి వెంటనే.

"మరి పెట్టెలెవరు సర్దుతారు?" అన్నాడు తేజ.

"నువ్వు సర్దరా," అన్నారు వదినా మరదళ్ళిద్దరూ ఒకేసారి.

భీమరాజు కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి సోఫాలో వాలేడు. అప్పుడే ఫోను మోగింది. పోలయ్య. అక్కడ రాత్రి మేత వేసి ట్రే చూపించే వేళ.

"ట్రే తర్వాత చూద్దాంలేరా," అన్నాడు భీమరాజు. "మొన్న ఏదో అడిగేవు కదా, అమ్మగారు ఏం చూసేరని. ఆవిడే చెప్తుంది, విను." ఫోను భార్య చేతికిచ్చేడు.

"ఆయ్! చెప్పండమ్మగారూ. ఉండండి, మా ఇంటిదాన్ని కూడా పిలుస్తాను."

వేణి సోఫాలో కాళ్ళు పైకి మడుచుకుని స్థిరపడింది. "ముందు నది సంగతి చెప్తాను వినండి. మన గోదారంత వెడల్పు. పొద్దున్న రేవులోకి వెళ్ళేసరికి గాలి ఎలా ఉందనుకున్నారు..."

వేణి మాటల్లో మొదటి పడవ ఇంకా రేవు వదలకుండానే వంటింట్లోంచి బుస్సుమని చప్పుడొచ్చింది. వేణి కథ ఆపలేదు, తల తిప్పలేదు. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "ఏవండీ, పాలు పొంగుతున్నట్టున్నాయి, చూడండి," అంది.

భీమరాజు ఊతకర్ర కోసం చెయ్యి చాచేడు.